తాళంచెవి, ఫోను: రెండూ ఒకటే గొడవ

ప్రశ్న: మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాకు 46 ఏళ్ళు. ఆయనకి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు, రాత్రి పదయితే గానీ ఇంటికి రారు. మామగారికి 74, రిటైరైన హైస్కూల్ మాస్టారు. అత్తయ్య పోయి నాలుగేళ్ళయింది. దివిసీమ ఉప్పెన కథ ఇప్పటికి వందసార్లు చెప్పుంటారు. టీవీ వీధి చివరికి వినబడేలా పెడతారు. మేం మెల్లగా మాట్లాడుకుంటే తన గురించేనని అనుమానం. పోయిన నెల స్కూటర్ మీంచి పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. అయినా భయపడి తాళంచెవి దాచేశాను. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు. మా అబ్బాయికి 17. ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. పదో తరగతి దాకా నా కొంగు పట్టుకు తిరిగినవాడు ఇప్పుడు తలుపేసుకుని కూర్చుంటాడు. రాత్రి రెండింటి దాకా ఫోను. పెళ్ళిళ్ళకి రమ్మంటే రాడు. ఫోను లాక్కుంటే ఒక పూట అన్నం మానేశాడు. నాకేమో ఊరికే ఏడుపొస్తోంది, నిద్ర పట్టదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, పెంపకంలో నేనెక్కడ తప్పు చేశాను? ఈ ఇద్దరిలో ముందు ఎవర్ని మార్చుకోవాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు స్కూటర్ తాళంచెవి సంగతి ఒకచోట, ఫోను సంగతి ఇంకోచోట రాశారు. నాకు మాత్రం రెండూ ఒకే గొడవలా కనబడ్డాయి. ఒకాయన ఇన్నాళ్ళూ తన చేతిలో ఉన్న పెత్తనం జారిపోతోందని పట్టుకు వేలాడుతున్నారు. ఒకడు అది తన చేతికి ఎప్పుడొస్తుందా అని లాగుతున్నాడు. తాళంచెవినీ ఫోనునీ లాక్కున్న చెయ్యి మీదే కాబట్టి ఇద్దరి కోపమూ మీ మీదే.

ముందు ఆ సామెత సంగతి తేల్చేద్దాం. అది సగమే నిజం. మనిషి మనసు చిన్నతనంలోనే గట్టిపడిపోతుందని ఒకప్పుడు పండితులూ అనుకున్నారు. పాల్ బాల్టిస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త వంటివాళ్ళు దాన్ని గట్టిగా కాదన్నారు. మనిషి పుట్టుక నుంచి చావు దాకా మారుతూనే ఉంటాడు, ప్రతి వయసులోనూ కొంత వస్తుంది, కొంత పోతుంది, అంటారాయన. మీ ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి ఆ రావడం, పోవడం జరుగుతున్నాయి. మిమ్మల్ని కూడా కలిపే ముగ్గురన్నాను. ఇందులో పెంపకం తప్పు నాకెక్కడా కనబడలేదు.

ఇక మామగారు. ఆయన గురించి మీరు రాసిన మూడు ఫిర్యాదుల్లో రెండు చెవికి సంబంధించినవేమోనని నా అనుమానం. టీవీ శబ్దం, మెల్లగా మాట్లాడితే తన గురించేననుకోవడం. వయసు మీదపడ్డాక ముందు పోయేది సన్నని శబ్దాలు. స, శ, ఫ లాంటివి సరిగా వినబడవు. మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. మధ్యలో తన పేరు ఒక్కటే చెవిన పడితే ఎవరికైనా అనుమానం రాదూ? కాబట్టి మొదటి పని, ఆయన్ని చెవి డాక్టరుకి చూపించడం. ఒక్కోసారి లోపల గుబిలి గడ్డకట్టి ఉంటుంది, తీసేస్తే సగం గొడవ తీరిపోతుంది. వినికిడి నిజంగానే తగ్గితే చెవి మిషను పెట్టుకోమంటారు. పెట్టిన రోజునే అద్భుతాలు జరగవు, మెదడు దానికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. మా నాన్నగారి మిషను మూడు నెలలు డ్రాయర్లోనే ఉంది. 'గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడట్లేదు' అనేవారు. చివరికి మనవరాలి ఫోన్ల కోసం పెట్టుకున్నారు. వినికిడి లోపాన్ని అలాగే వదిలేస్తే మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి కాబట్టి ఇది టీవీ గొడవతో పోయే విషయం కాదు.

మూడోది, ఉప్పెన కథ. 1977 నవంబరు 19. ఆ ఏడు ఆయనకి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉండుంటాయి. పెద్దవాళ్ళని గుర్తున్న సంగతులు చెప్పమంటే, సుమారు పదేళ్ళకీ ముప్ఫై ఏళ్ళకీ మధ్య జరిగినవే ఎక్కువగా పైకి వస్తాయి. ఈ సంగతి ఎన్నో అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. మొదటి ఉద్యోగం, పెళ్ళి, కళ్ళారా చూసిన శవాలు, అన్నీ ఆ వయసులోవే. ఇలా పాత సంగతులు తవ్వుకోవడం మతి చెడిన లక్షణమని డాక్టర్లే అనుకునే రోజుల్లో, 1963లో, రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు ఒక వ్యాసం రాశాడు. అది ఆ వయసు చేయాల్సిన పని అన్నాడు. బతికిన బతుకుని ఒకసారి లెక్క చూసుకోవడమట. అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆ లెక్క వినే మనిషి ఉంది. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ.

అలాగని ప్రతి మరుపునీ వయసు మీదికి తోసెయ్యొద్దు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం, పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం మామూలే. అయిదు నిమిషాల క్రితం అడిగింది మళ్ళీ కొత్తగా అడగడం, రోజూ వెళ్ళే దారి తప్పడం, పింఛను డబ్బు లెక్క చూసుకోలేకపోవడం, మనిషి స్వభావమే మారిపోవడం మామూలు కాదు. అలాంటివి కనిపిస్తే న్యూరాలజిస్టుని కలవండి. బి12 లోపం, థైరాయిడ్, దిగులు, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపులాగే కనబడతాయి. వాటికి వైద్యం ఉంది.

ఇక మీ అబ్బాయి. నిద్ర దగ్గర మొదలుపెడతాను. యవ్వనం మొదలయ్యాక నిద్ర తెప్పించే మెలటోనిన్ ఒంట్లో ఊరడం గంటా రెండు గంటలు ఆలస్యమవుతుంది. రాత్రి పదింటికి వాడికి నిద్ర రాకపోవడం సగం శరీరం పని. రాని నిద్రని ఇంకా తరిమికొట్టడం ఫోను పని. ఆ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లారకముందే లేపి స్టడీ అవర్‌కి పరిగెత్తించే మన ఊళ్ళ పద్ధతికి ఈ లెక్క తెలియదు. పిల్లల మీద నాకు కోపం రాదు గానీ ఆ పద్ధతి మీద మాత్రం వస్తుంది.

మెదడులో ముందుభాగం, అంటే ఆగి ఆలోచించే భాగం, పూర్తిగా పండటానికి ఇరవై అయిదేళ్ళదాకా పడుతుంది. సంబరాన్నీ రిస్కునీ కోరుకునే భాగం అంతకంటే ముందే పరుగు అందుకుంటుంది. పక్కన స్నేహితులుంటే ఇంకాను. పెళ్ళిళ్ళకి ఎందుకు రాడంటారా? డేవిడ్ ఎల్కిండ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1967లో ఒక సంగతి రాశాడు. ఈ వయసు పిల్లలకి తమ చుట్టూ ఎప్పుడూ ఓ ప్రేక్షకుల గుంపు కూర్చుని చూస్తున్నట్టు ఉంటుందని. మన పెళ్ళిళ్ళలో ఆ గుంపు ఊహ కూడా కాదు. పెదనాన్నలూ పిన్నులూ నిజంగానే వరసగా కూర్చుని 'మెయిన్స్‌లో ఎంతొచ్చింది? మొహం మీద ఆ మొటిమలేంటి?' అని అడుగుతారు. నేనైనా తలుపేసుకుంటాను.

మీ కొంగు వదిలేశాడని బాధపడ్డారు. వదలడమే వాడి పని. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. దాన్ని రైళ్ళ టైంటేబుల్‌లా చదవొద్దు గానీ మీ ఇంటికి మాత్రం బాగా అతుకుతుంది. మీ అబ్బాయి 'నేనెవర్ని?' అని వెతుక్కుంటున్నాడు. మీరు 'నా తర్వాతవాళ్ళకి నేనేం ఇస్తున్నాను?' అని అడుగుతున్నారు. మామగారు 'బతికిన బతుకు నాకు సమ్మతమేనా?' అని. ముగ్గురి ప్రశ్నలూ ఒకే హాల్లో తిరుగుతుంటే గోడలు అదరవూ!

ఫోను విషయంలో లాక్కోవడం మానేసి బేరానికి కూర్చోండి. పదకొండున్నరకి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టాలని మీరనండి, అది పన్నెండా పదకొండా అన్నది వాడిని తేల్చమనండి. అందరివీ అంటే మీవారిదీ కలిపి. పదహారేళ్ళు వస్తే కొడుకుని స్నేహితుడిలా చూడమన్నది మన పెద్దలే కదా. కానీ ఒక్క జాగ్రత్త: తిండి రోజుల తరబడి మానేయడం, ఇష్టమైన ఆటలూ స్నేహాలూ వదిలేయడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేయడం, చచ్చిపోతే బాగుండునన్న మాట ఒక్కసారైనా అనడం, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. 'చనిపోవాలనిపిస్తోందా నాన్నా?' అని సూటిగానే అడగండి. అలా అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మీ గురించి ఉత్తరంలో రెండే మాటలున్నాయి, ఏడుపూ నిద్ర పట్టకపోవడమూ. నాకు ఎక్కువ దిగులు అనిపించినవి అవే. 46 ఏళ్ళంటే నెలసరి ఆగే వయసు దగ్గరపడుతోంది. ఆ ముందు కొన్నేళ్ళు హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నిద్ర చెడుతుంది, వేడి ఆవిర్లు వస్తాయి, కారణం లేకుండా ఏడుపొస్తుంది. థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకుని గైనకాలజిస్టుని కలవండి. రెండు వారాలకి మించి దిగులు వదలకపోతే మానసిక వైద్యుల్ని కూడా. ఆ 14416 మీకూ వర్తిస్తుంది. ఇంకో మాట: వేగంగా లెక్క కట్టే చురుకు ఇరవైల తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది గానీ, అనుభవం మీద నిలిచే తెలివి అరవైలదాకా పెరుగుతూనే ఉంటుందని రేమండ్ కాటెల్ అనే మనస్తత్వవేత్త దారిలో నడిచిన పరిశోధకులు చూపించారు. మీ బుర్ర మొద్దుబారిపోతోందని మీకనిపిస్తే అది నిద్రలేమి పనే అయ్యుంటుంది.

మీవారి గురించి నేను పెద్దగా చెప్పను. ఆదివారం పూట కొట్టు మూసే ఉంటుంది కదా, చెవి డాక్టరు అపాయింట్‌మెంట్ ఆయన తీసుకుని వాళ్ళ నాన్నని ఆయనే తీసుకెళ్ళాలి. ఆ పని మీ నెత్తిన వేసుకోకండి.

ఉప్పెన కథని మాత్రం మీ అబ్బాయికి అప్పగించండి. 'తాతయ్య చెప్పేది ఫోనులో రికార్డు చెయ్యరా, మళ్ళీ ఎవరు చెబుతారు' అనండి. రోజుకి పది నిమిషాలు చాలు. లాక్కున్న ఫోనే అప్పుడు పనిముట్టు అవుతుంది. ఒకరోజు ఇష్టంగా చేస్తాడు, రెండో రోజు విసుక్కుంటాడు, మీరు మధ్యలో దూరకండి. తాతయ్యకి ఇప్పుడు బాగా గుర్తున్నవి ఆయన ఇరవైల్లోవైతే, వీడికి డెబ్బై ఏళ్ళొచ్చాక పైకి వచ్చేవి ఈ రెండు మూడేళ్ళవే అయ్యుండొచ్చు.

తాళంచెవి దాచినందుకు మామగారికి ఓ మాట చెప్పండి. 'తప్పైపోయింది మామయ్యగారూ, భయమేసి దాచాను, అడగాల్సింది' అని. తాళంచెవి ఆయన చేతికే ఇచ్చి, 'కంటి డాక్టరు సరేనంటే పగలు గాంధీనగర్ లైబ్రరీకి వెళ్ళండి, చీకటి పడ్డాక ఆటో' అని అడగండి. శుక్లాలుంటే ఎదురొచ్చే లైట్లు కళ్ళలో పగిలినట్టు ఉంటాయి. ఆ సంగతి ఆయనకి మనకంటే బాగా తెలుసు, ఒప్పుకోవడమే కష్టం. డాక్టరు వద్దంటే ఆ మాట డాక్టరు నోటినే రానివ్వండి. చెవి పరీక్ష అయ్యాక ఏమన్నారో నాకు రాయండి.