బ్యాండు మేళం చరిత్ర రాయబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి, ఆశీస్సులు.

మీ ఊరి బ్యాండు మేళం చరిత్ర రాయాలని పూనుకున్నావట, మంచిపని. ముందే ఒక మాట చెబుతాను, మిగతా ఉత్తరమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. మేళం చరిత్ర మేళం వాళ్ళ ఇంట్లో దొరికేది తక్కువ. వాళ్ళని పిలిచినవాళ్ళ ఇళ్ళల్లో దొరుకుతుంది.

వియన్నా ఫిల్హార్మోనిక్ 1842లో మొదలైంది, మాంచెస్టర్‌లో హాలే ఆర్కెస్ట్రా 1858లో. అలాంటివాటి చరిత్ర రాసేవాడికి అచ్చయిన కార్యక్రమ పత్రాలుంటాయి, ఏ రాత్రి ఎవరు ఏం వాయించారో అందులోనే ఉంటుంది. మన బ్యాండుకి కార్యక్రమ పత్రం పెళ్ళి శుభలేఖే. అదీ దాచేది పెళ్ళివారు. అందుకని షావుకార్ల చిట్టా పుస్తకాలు, గుడి జమాఖర్చులు, చర్చి జూబిలీ సంచికలు, తీర్థం చందాల లెక్కలు వెతుకు. కనుమనాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ప్రభ కట్టే ఊళ్ళలో ఎవరో ఒకరు లెక్క రాసే ఉంటారు. అందులో బ్యాండు అన్న మాట కనబడకపోతే అక్కడితో ఆగిపోకు. బాజాలు, మేళగాళ్ళు, భజంత్రీలు, వాయిద్యాల ఖర్చు అని రకరకాలుగా రాసేవారు. పక్కనే రేవు ఖర్చు ఉంటే మేళం గోదారి దాటి వచ్చిందన్నమాట. వంతెనలు లేనిరోజుల్లో ఏ రేవున ఎక్కారో తెలిస్తే ఏ వైపు మేళమో సగం తేలిపోతుంది.

ఆ లెక్కలు చదవడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. 12-8-0 అని ఉంటే పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు, అంటే పన్నెండున్నర. పన్నెండు రూపాయల ఎనభై పైసలు కాదు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి, అయినా పాత చేతులు ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు అణాల్లోనే రాశాయి. ధాన్యం, పంచెల చాపు ఇచ్చినట్టుంటే ఉన్నదున్నట్టు రాయి, ఇప్పటి రూపాయల్లోకి మార్చకు. ఎలా మార్చినా అబద్ధమే అవుతుంది.

శుభలేఖల్లో సంవత్సరం పేరు మాత్రమే ఉంటే మరీ జాగ్రత్త. క్రోధి అంటే 1904-05 కావచ్చు, 1964-65 కావచ్చు, మొన్నటి 2024-25 కావచ్చు. కాగితం, అచ్చు, ముద్రాక్షరశాల పేరు చూసి ఏ ఆవృత్తో తేల్చుకోవాలి. అది తేలాక కూడా మాఘమాసం పెళ్ళి అయితే ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. 1964లో మొదలైన క్రోధిలో మాఘం 1965 ఫిబ్రవరి ప్రాంతంలో వస్తుంది. మన పెళ్ళిళ్ళు మాఘ ఫాల్గుణాల్లో చాలానే జరుగుతాయి కనక ఈ ఒక్క ఏడాది తేడా పుస్తకమంతా పాకుతుంది. చిరునామాలో పిన్ కోడు అచ్చయి ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతి కాగితం. గ్రామ లెక్కల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, కనబడితే 590 కలుపు: 1365 ఫసలీ అంటే 1955 జులై నుంచి 1956 జూన్ దాకా.

ప్రభుత్వ కాగితాల జోలికి వెళితే ఏ జిల్లా అని అడుగుతారు. భీమవరం, నరసాపురం తాలూకాలు పశ్చిమ గోదావరి జిల్లాలోకి వచ్చింది 1925లో, అంతకుముందు కొన్నేళ్ళు కృష్ణా జిల్లాలో ఉండేవి. గోదావరి జిల్లా కట్టల్లో దొరకలేదని చేతులు దులుపుకోకు. సన్నాయి మేళం కుటుంబమే తర్వాత బ్యాండు పెట్టిందని తెలిస్తే వాళ్ళకి గుడి మాన్యం ఉండేదేమో ఇనాం రిజిస్టర్లలో, అంటే మాన్యాలు నమోదు చేసిన ప్రభుత్వ పుస్తకాల్లో, చూడు. పాత రిజిస్టర్లలో కులాల పేర్లు ఇప్పుడు ఎవరూ ఒప్పుకోని మాటల్లో ఉంటాయి. అవి కొటేషన్లో ఉంచి, నీ వాక్యంలో మాత్రం వాళ్ళు తమను తాము ఏమని పిలుచుకుంటారో అదే రాయి.

ఇక ఫొటోలు. మొదట చూడాల్సింది మనుషుల మొహాలు కాదు, బేస్ డ్రమ్ము చర్మం. మేళం పేరు, ఊరు, ఒక్కోసారి స్థాపించిన సంవత్సరం దానిమీదే రంగుతో రాసి ఉంటాయి. ఆ సంవత్సరాన్ని వెంటనే నమ్మకు. డ్రమ్ముకి కొత్త రంగు వేసినప్పుడల్లా మేళానికి వయసు పెరిగిపోవడం కద్దు! వేర్వేరు కాలాల ఫొటోలు రెండు పక్కపక్కన పెట్టి చూడు. చట్రంలో అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని ఊడదీశావంటే మొహాలు అద్దానికే ఉండిపోతాయి. మన తేమకి ఇది ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అద్దం తుడిచి, కిటికీ పక్కకి తెచ్చి, వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి అద్దంమీంచే తీసుకో. విడి ఫొటోలు 600 డీపీఐలో, అగ్గిపెట్టంతవి 1200లో స్కాన్ చెయ్యి. వెనక పేర్లు రాస్తే మెత్తటి పెన్సిలుతోనే. లామినేషన్ చేయించి ఇస్తానని ఎవరికీ మాటివ్వకు, లోపల తేమ ఉండిపోతే బొమ్మ పాడైపోతుంది. తీసుకున్నదానికి రసీదు రాసి, వారంలో తిరిగి ఇచ్చెయ్యి.

వాయిద్యాలు కూడా సాక్ష్యాలే. బూరా వెడల్పాటి మూతి మీద చెక్కిన పేరు చదువు. బూసీ అండ్ హాక్స్ అని ఉంటే 1930కి ముందుది కాదు, ఆ రెండు కంపెనీలూ కలిసింది ఆ ఏడే. కానీ ఆ తేదీ బూరాది, మేళానిది కాదు, సెకండ్ హ్యాండులో ఎప్పుడైనా కొని ఉండొచ్చు. పాత ఇంగ్లీషు సరుకులో హెచ్.పి. అని ఉంటే హై పిచ్ (ఎక్కువ శ్రుతి), ఎల్.పి. అంటే లో పిచ్ (తక్కువ శ్రుతి). హై పిచ్‌లో ‘ఎ’ స్వరం సెకనుకి 452 కంపనాల దగ్గర, ఇప్పటిది 440, దాదాపు అర స్వరస్థానం తేడా. బూరాకి గొట్టం లాగి కొంత దించొచ్చు. క్లారినెట్టుని కీళ్ళ దగ్గర లాగితే కొన్ని స్వరాలు సర్దుకుంటాయి, మిగతావి ఒకదానితో ఒకటి కలవవు. బ్యాండు వాయిద్యాలు తయారయ్యే మీరట్ నుంచి కొత్తవి తెప్పించి వాయిద్యాలన్నీ ఒకే ఏడాది మార్చేశామని ఎవరైనా అంటే డబ్బొచ్చిందా, శ్రుతి కలవకా అని అడుగు.

మనుషుల దగ్గరకి ఆషాఢంలో వెళ్ళు. ముహూర్తాలుండవు, అందరూ ఇళ్ళ దగ్గరే దొరుకుతారు. బ్యాండు మాస్టారి కొడుకుతో మొదలుపెట్టకు. వాళ్ళ నాన్నే అన్నీ చేశాడంటాడు, తప్పు కాదు గానీ నీకు పనికిరాదు. బేస్ డ్రమ్ము వాయించినాయన నాలుగైదు మేళాల్లో తిరిగి ఉంటాడు, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు అలిగి పోయారో ఆయనకే బాగా తెలుస్తుంది. డబ్బు సంగతి ఇంట్లో ఆడవాళ్ళని అడుగు, బయానా ఎంత, ఎగ్గొట్టినదెవరు అన్నది వాళ్ళు మరిచిపోరు.

ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు, నిన్ను సంతోషపెట్టడానికి ఏదో ఒకటి చెప్పేస్తారు. గోదావరి పుష్కరాలకి ముందా తర్వాతా అని అడుగు: 1979, 1991, 2003, 2015. మధ్యలో 86 వరద, 96 నవంబరు తుఫాను. ఈ ఆరింటితో చాలా సంగతులు రెండు మూడేళ్ళ అటూఇటూలోకి వస్తాయి. ఏమేం పాటలు వాయించేవారని కూడా అడగొద్దు. ఎదురుకోలుకి ఏం వాయించేవారు, ఊరేగింపు గుడి ముందుకొస్తే ఏం మార్చేవారు, అప్పగింతలప్పుడు పాట ఎవరు ఎత్తుకునేవారు అని పెళ్ళి వరసలో అడిగితే చేతివేళ్ళే గుర్తుచేసుకుంటాయి. సినిమా పాట చెబితే ఆ సినిమా విడుదలయిన ఏడు చూసుకో, అంతకుముందు వాయించి ఉండరుగా. రేడియోలో వాయించామంటే, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకు ముందటిదంటే మద్రాసు వెళ్ళారా అని అడగాలి, కాంట్రాక్టు కాగితం ఉందేమో చూడాలి.

రికార్డింగు ఫోనుతో చాలు. ఫ్యాను ఆపించు, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచు, లేకపోతే బల్ల అదురు మాట కంటే గట్టిగా పడుతుంది. మొదట తేదీ, ఊరు, ఆయన పేరు నీ గొంతుతో చెప్పు. గంటన్నర దాటనివ్వకు. ఆ రాత్రే రెండో చోట కాపీ పెట్టుకో.

ముందుగా ఆ డ్రమ్ము పెద్దాయన దగ్గరకే వెళ్ళు. పొద్దున్న తొమ్మిదింటికి, టిఫిన్లయ్యాక. డ్రమ్ము ఫొటో పెద్దదిగా ప్రింటు తీయించి పట్టుకెళ్ళు, ఆయన కళ్ళజోడు ఎక్కడుందో ముందే ఇంట్లోవాళ్ళని అడిగి ఉంచు.