గాజు గిన్నెలో పిట్ట దిగదెందుకు?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. పెరట్లో పిట్టలు స్నానం చేస్తాయని ముచ్చటపడి లోతైన గాజు గిన్నె కొని పెట్టాను. నెలైంది, ఒక్కటీ దిగలేదు. ఏం మార్చాలి?

జవాబు: గిన్నెనే మార్చండి. గాజు మీద పిచ్చుక కాలు జారుతుంది, పైగా లోతు తెలియని నీళ్లలోకి అది దిగదు. కుండలమ్మే చోట వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి, గరుకుగా ఉంటే ఇంకా మంచిది, అంచు దగ్గర అర అంగుళం, మధ్యలో 2 అంగుళాలు మించకుండా నీళ్లు పోసి నడుమ ఒక చదును రాయి పెట్టండి, గోరింక ముందు దాని మీదే వాలి అటూ ఇటూ చూసి అప్పుడు రెక్కలు తడుపుకుంటుంది. స్టీలు పళ్లెం మాత్రం వద్దు, మే నెల బెజవాడ ఎండకి మనమే ముట్టుకోలేం! నీడలో, నడుమెత్తు దిమ్మె మీద పెట్టండి, కానీ గుబురు పొదల పక్కన కాదు, పిల్లి అక్కడే నక్కుతుంది. నీళ్లు రోజూ పారబోసి కొబ్బరి పీచుతో రుద్దాలి, సబ్బు అక్కర్లేదు. నిలవ ఉంచితే వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారవుతాయి. ఆ గాజు గిన్నెలో పెరుగు తోడేసుకోండి.