ఎస్‌ఎస్‌డీ పీకకముందు ఇది చదువు, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. క్రాష్ మెసేజ్‌లో స్క్రీన్ మీద చివరి ఇరవై లైన్లే పడ్డాయి, అసలు విషయం అప్పటికే పైకి పోయింది. రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికే నీ లైనక్స్ సర్వర్ బిగుసుకుపోతోందనీ, విసుగొచ్చి ఈ శనివారం ఎస్‌ఎస్‌డీ పీకేసి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) కూడా మార్చేస్తాననీ రాశావు. రెండూ ఒకేసారి చేస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలీదు. పైగా ఎస్‌ఎస్‌డీ మీద ఇప్పుడు అసలు చెయ్యి వెయ్యకు.

ఎస్‌ఎస్‌డీని హార్డ్‌డిస్కుల ముందు వేగమైన తాత్కాలిక నిల్వగా, అంటే క్యాష్‌గా, వాడే నీ బీక్యాష్ రైట్‌బ్యాక్ పద్ధతిలో నడుస్తోంది. అంటే రాసిన డేటా ముందు ఎస్‌ఎస్‌డీలో పడి, హార్డ్‌డిస్కులకు తర్వాత తీరిగ్గా చేరుతుంది, ఇంకా చేరనిదాన్నే డర్టీ డేటా అంటారు. ఆ సమయంలో ఎస్‌ఎస్‌డీ తీసేస్తే డిస్కుల మీద మిగిలేది సగం పాతది, సగం కొత్తది. నేను ఒకసారి అదే చేశాను. క్యాష్ లేకపోయినా డిస్కును నడిపించమని బీక్యాష్‌ను బలవంతం చేసే దారి ఒకటుంది, అలా చేస్తే ఫైల్‌సిస్టమ్ పాడవుతుందని దాని డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసి కూడా ఉంది, చదవకుండా వాడాను. మీ తాతయ్య షష్టిపూర్తి ఫోటోలు ఆ రోజే పోయాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంచే మిర్రర్ ఉంది కదా, ఒక డిస్కు పోయినా ఫర్వాలేదనుకుంటున్నావు. కానీ రెండు డిస్కులకూ ముందు నిలబడ్డది ఒకే ఎస్‌ఎస్‌డీ. డర్టీ డేటాతో అది చచ్చిపోతే మిర్రర్ రెండు వైపులా ఒకేసారి దెబ్బతింటుంది. రైట్‌బ్యాకే కావాలంటే డిస్కుకొక ఎస్‌ఎస్‌డీ పెట్టు, లేకపోతే రాసింది వెంటనే డిస్కులకూ చేరే రైట్‌త్రూకి మారు. నేనైతే ఇంట్లో రైట్‌త్రూనే వాడతాను, రాయడం కాస్త నెమ్మదైనా నిద్ర పడుతుంది.

ముందు డేటా అంతా వేరే డిస్కులోకి కాపీ చెయ్యి. దాంతోపాటు లక్స్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) తాళం వివరాలుండే హెడర్ బ్యాకప్ కూడా తీసి పెన్‌డ్రైవ్‌లో దాచు. లక్స్ 2లో అది మామూలుగా 16 ఎంబీనే, కానీ అది పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా డేటా తెరుచుకోదు.

తర్వాత క్రాష్ మెసేజ్ పట్టుకోవాలి. లాగ్‌లో ఏమీ లేదన్నావు. ఉండదు కూడా, ఎందుకంటే ఇరుక్కుపోయింది డిస్కు దారే అయితే లాగ్ ఎక్కడ రాసుకుంటుంది? నెట్‌కన్సోల్ పెట్టు. కెర్నల్ మెసేజ్‌లను నెట్‌వర్క్ మీద నీ లాప్‌టాప్‌కి పంపిస్తుంది. సర్వర్‌కి మాత్రం వైఫై వద్దు, కేబుల్‌తోనే కలుపు. వచ్చినదాంట్లో మొట్టమొదటి ఊప్స్ (కెర్నల్ ఇచ్చే తప్పు రిపోర్టు) మాత్రమే నమ్ము, దాని తర్వాతవి చాలావరకు దాని పర్యవసానాలే. కాల్ ట్రేస్‌లో, అంటే ఆ క్షణాన నడుస్తున్న ఫంక్షన్ల జాబితాలో, ఫైల్‌సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పేరు కనబడగానే తప్పు దానిదే అనుకోకు, అది పడిపోయిన చోటు, తోసినవాళ్లు వేరే అయ్యుండొచ్చు. రెండు మూడు క్రాష్‌లు పోల్చి చూడు. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ దగ్గర ఆగితే సాఫ్ట్‌వేర్ బగ్ అనే అనుమానం బలపడుతుంది. ఒకసారి ఎన్‌క్రిప్షన్‌లో, ఒకసారి క్యాష్‌లో, ఇంకోసారి సంబంధం లేని నెట్‌వర్క్ కోడ్‌లో పడిందంటే నేను ముందు ర్యామ్‌నీ పవర్ సప్లైనీ అనుమానిస్తాను. ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడిపించు. ఎన్‌క్రిప్షన్ ఉన్నచోట చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది: ఏఈఎస్ ఎక్స్‌టీఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ అయిన డేటాలో ఒక్క బిట్ మారినా, విప్పేటప్పుడు 16 బైట్ల ముక్క మొత్తం చెత్త అవుతుంది.

డిస్కులు తమ ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో 199వ నంబర్ చూడు, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా దారిలో చెడిన లెక్క. అది పెరుగుతూ పోతుంటే డిస్కు కన్నా ముందు సాటా కేబుల్ మార్చు, బెంగళూరు ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. మారతహళ్లిలో సాయంత్రం వాన పడితే కరెంటు ఎలా పోయి వస్తుందో నీకు తెలుసు కదా, యూపీఎస్ లేకుండా ఈ పరీక్షలు చేస్తే ఏ క్రాష్ దేనివల్లో తేలదు.

ఇవి అయ్యాక ఒక పొర తీసి చూద్దాం, సులువుగా తీయగలిగింది క్యాషే. మోడ్ రైట్‌త్రూకి మార్చి, రెండు డిస్కుల స్టేట్ క్లీన్ అని చూపించేదాకా ఆగు. గంటలు పట్టినా సరే, టెన్షన్ పడి మధ్యలో ఆపకు. అప్పుడు క్యాష్‌ను డిటాచ్ చేసి (డిస్కుల నుంచి విడదీసి) వారం పాటు రోజూ అదే బ్యాకప్ నడిపించు. క్రాష్‌లు ఆగితే ఎస్‌ఎస్‌డీ, దాని కేబుల్, బీక్యాష్, ఈ మూడే మిగులుతాయి. ఆగకపోతే పాత డిస్కులు రెండు నేనిస్తాను, వాటి మీద ముందు ఉత్త మిర్రర్, తర్వాత ఎన్‌క్రిప్షన్, చివర్లో క్యాష్, ఇలా ఒక్కొక్కటే ఎక్కిస్తూ చూద్దాం.

ఇన్ని పొరలుంటే కెర్నల్ స్టాక్ (ఫంక్షన్లు వాడుకునే చిన్న మెమరీ) నిండిపోతుందని ఎవరో చెప్పారన్నావు. అది 8 కేబీ ఉన్న రోజుల సంగతి. 2014లో వచ్చిన 3.15 నుంచి 64 బిట్ మెషీన్లలో 16 కేబీ అయ్యింది, నీది కొత్త కెర్నల్, ముందే అటు పోకు.

ఆదివారం పొద్దున యలహంక నుంచి బయల్దేరి వస్తాను, నెట్‌వర్క్ కేబుల్, ఆ రెండు డిస్కులూ తెస్తాను. ఈలోగా కాపీ, హెడర్ బ్యాకప్ పూర్తి చేసి ఉంచు, మొదటి ఊప్స్ దొరికితే అర్ధరాత్రైనా పంపించు.

మీ పెదనాన్న