సమాధానం: కాలేజీ స్టాఫ్ ఆరోగ్యం కోసం ఏం చేయాలి?

మేడమ్, జూన్ 21న యోగా పెట్టాక మళ్లీ ఎవరూ రావడం లేదని, గొంతు నొప్పులు, టెన్షన్ మాత్రం తగ్గలేదని రాశారు. ప్రిన్సిపాల్ గారు బాధ్యత మీకే ఇచ్చారు కాబట్టి ముందు టైంటేబుల్ పట్టుకోండి. వరుసగా మూడు పీరియడ్లు నిలబడి అరిచి చెప్పినవాళ్లకు సాయంత్రం ఆసనాలు వేసే ఓపిక ఎక్కడుంటుంది? రెండు క్లాసుల తర్వాత ఒక ఖాళీ పీరియడ్ ఇప్పించండి. పెద్ద సెక్షన్లకు కాలర్ మైకు, చిన్న స్పీకరు కొనిపించండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

లేడీస్ టాయిలెట్ ఎలా ఉందో కూడా చూడండి. అది బాగోలేక పొద్దుటి నుంచి చుక్క నీళ్లు తాగకుండా గడిపే లెక్చరర్లు చాలామంది. గొంతు ఎండిపోవడానికీ, యూరిన్ ఇన్‌ఫెక్షన్లకూ ఇదో కారణం. నా దృష్టిలో యోగా మ్యాట్ల కన్నా ఆ తలుపుకు గడియ, లోపల నీళ్లు ముందు.

30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. మెడికల్ ఆఫీసర్ గారికి లెటర్ పెట్టి కాలేజీలోనే క్యాంపు అడగండి. అటెండర్లనూ, స్వీపర్లనూ, గెస్ట్ ఫ్యాకల్టీనీ పిలవండి. రిపోర్టు మాత్రం ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వాలి, ఆఫీసుకు వెళ్లకూడదు.

టెన్షన్ ఎక్కువైనవాళ్ల కోసం స్టాఫ్‌రూమ్ గోడ మీద టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 అంటించండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.