అవతలి రోడ్డు ఖాళీగా ఉన్నా మనకు రెడ్ లైటే ఎందుకు ఉంటుంది?

హైదరాబాద్‌లో బండి నడిపే అందరికీ వచ్చే అనుమానమే ఇది. చాలా సిగ్నళ్లు ముందుగా పెట్టిన టైమింగ్ ప్రకారం తిరుగుతాయి. ఎదురుగా వాహనం ఉందో లేదో వాటికి తెలియదు. వాహనాలను గుర్తించి టైమ్ మార్చుకునే సిగ్నళ్లకు రోడ్డు కింద తీగచుట్ట గానీ, పైన కెమెరా గానీ ఉండాలి, అది పనిచేస్తూ ఉండాలి.

లెక్క చూడండి. నాలుగు వైపులా ఒక్కో నిమిషం గ్రీన్ ఇస్తే, మన గ్రీన్ అప్పుడే పోయిందంటే మళ్లీ వచ్చేసరికి మూడు నిమిషాలు దాటుతుంది. ఇంత పొడుగు ఎందుకంటే, లైటు మారిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు ఎవరూ కదలక వృథా అవుతాయి. తక్కువసార్లు మారితే ఆ వృథా తగ్గుతుంది. నిజమే, కానీ కొంతవరకే. క్యూ ఖాళీ అయ్యాక కూడా గ్రీన్ వెలుగుతుంటే అంతకన్నా ఎక్కువ పోతుంది. నా దృష్టిలో అసలు తప్పు ఇక్కడే ఉంది.

రద్దీ వేళ కానిస్టేబుల్ చేత్తో స్విచ్ నొక్కి నడిపిస్తారు. ఎండలో నిలబడి చేసే ఆ పని తేలికైంది కాదు. కానీ ఆయనకు కనిపించేది తన జంక్షన్ ఒక్కటే. పంజాగుట్టలో ఒక్కసారిగా వదిలిన బండ్లన్నీ అమీర్‌పేట దగ్గర మళ్లీ ఆగుతాయి. పక్కపక్క సిగ్నళ్లను ఒకదానితో ఒకటి కలిపి నడిపితేనే ఇది తగ్గుతుంది.

అన్నిటికన్నా బాధ పాదచారులది. 20 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకకే 17 సెకన్లు కావాలి. పెద్దవాళ్లకు ఇంకా ఎక్కువ. చాలాచోట్ల వాళ్లకంటూ ఆ సమయమే ఇవ్వరు.