న్యూయార్క్ కన్నా శాంటియాగో తూర్పున ఉందంటే నేనూ నమ్మలేదు

"మ్యాపుల్లో కనిపించే వింతల్లో మిమ్మల్ని నిజంగా ఆశ్చర్యపరిచింది ఏది? రోజూ చూస్తూ కూడా మనం తప్పుగా అనుకునేవి ఉన్నాయా?" అని అడిగారు.

ఉన్నాయి, చాలానే. నా మట్టుకు అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం శాంటియాగో. చిలీ రాజధాని అది. దక్షిణ అమెరికాలో పసిఫిక్ వైపు, అంటే పడమటి పక్కన ఉంటుంది. న్యూయార్క్ ఉత్తర అమెరికా తూర్పు తీరంలో ఉంటుంది. ఈ రెండిట్లో ఏది తూర్పున ఉందంటే ఎవరైనా న్యూయార్క్ అనే చెప్తారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. కానీ శాంటియాగో దాదాపు 70.7 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది, న్యూయార్క్ 74 మీద. శాంటియాగోయే తూర్పున ఉంది.

మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. గోడ మీద ప్రపంచ పటం ఉంటే దాని ముందు నిలబడి, పొడుగాటి స్కేలు ఆనించి, న్యూయార్క్ నుంచి నిలువుగా పెన్సిల్ గీత దించాను. గీత కొలంబియా రాజధాని బొగోటాని దాదాపు తాకుతూ, పెరూ గుండా పోయి, సముద్రంలో పడింది. శాంటియాగో గీతకి కుడిపక్కన మిగిలిపోయింది. ఏళ్ల తరబడి రోజూ కళ్లెదుట ఉన్న పటమే అది! ఒక్కరోజు కూడా గమనించలేదు.

తప్పు ఆ పటానిది కాదు, నా బుర్రలో ఉన్న పటానిది. ఉత్తర అమెరికా, దక్షిణ అమెరికా అనే పేర్లు వినగానే ఒకటి పైన, ఇంకోటి సరిగ్గా దాని కింద అని మనసు వరస పెట్టేసుకుంటుంది. నిజానికి దక్షిణ అమెరికా బాగా తూర్పుకి జరిగి ఉంది. పెరూ రాజధాని లిమా కూడా పసిఫిక్ తీరంలోదే, అయినా ఫ్లోరిడాలోని మయామి కన్నా తూర్పున ఉంది. బార్బరా ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో ప్రచురించిన పరిశోధనలో దీన్నే పరీక్షించారు. సరైన మ్యాపు ఒకటి, రెండు ఖండాలనీ ఒకే వరసలోకి జరిపిన మ్యాపు ఒకటి చూపిస్తే ఎక్కువమంది జరిపినదాన్నే సరైనదన్నారు. అది చదివాక నాకు మనసు కుదుటపడింది.

పనామా కాలువ కూడా ఇలాంటిదే. అట్లాంటిక్ తూర్పున, పసిఫిక్ పడమర అని మనకి తెలుసు కాబట్టి, అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి పోయే ఓడ పడమరకి వెళ్లాలి కదా అనుకుంటాం. అక్కడ నేల మెలి తిరిగి ఉండటం వల్ల ఓడ ఆగ్నేయం వైపు పోయి, కాలువలోకి వెళ్లిన చోటు కన్నా తూర్పున బయటికొస్తుంది. పనామా నగరంలో పసిఫిక్ సముద్రం మీద సూర్యోదయం చూడొచ్చు.

ఇవన్నీ మన ఊహలో ఉన్న తప్పులు. పటంలోనే తేడా ఉండటం వేరే సంగతి. దాన్ని నాకు అర్థమయ్యేలా చేసింది మా అమ్మాయి. ఒకరోజు గోడ పటం చూసి, "నాన్నా, గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత ఉంటుందా?" అంది. లేదమ్మా, ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు పెద్దది అంటే నమ్మలేదు. చెప్పి లాభం లేదని గ్లోబు దించి, దారం ఇచ్చాను. మాటల్లో పడి గ్రీన్‌లాండ్ సంగతి వదిలేసి, న్యూయార్క్ నుంచి బీజింగ్‌కి దగ్గర దారి వెతకమన్నాను. రెండు ఊళ్లూ దాదాపు 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. పటం ప్రకారం అయితే అడ్డంగా ఒక గీత గీస్తే సరిపోవాలి. తను ఒక వేలితో న్యూయార్క్ దగ్గర, ఇంకో వేలితో బీజింగ్ దగ్గర దారం అదిమిపెట్టి గట్టిగా లాగింది. దారం జారి జారి పైకెక్కేసింది. "నాన్నా, స్క్రూకి తగులుకుంటోంది" అంది. గ్లోబుని స్టాండుకి బిగించే స్క్రూ అది, సరిగ్గా ఉత్తర ధ్రువం దగ్గర ఉంటుంది. అంటే దగ్గర దారి దాదాపు ధ్రువం మీదుగానే. అలా వెళ్తే సుమారు 11,000 కిలోమీటర్లు, అక్షాంశం వెంబడే వెళ్తే 14,500 దాకా అవుతుంది. విమానం స్క్రీన్ మీద దారి వంకరగా, విల్లులా ఎందుకు కనిపిస్తుందో నాకు ఆ స్క్రూ చూశాకే బాగా ఎక్కింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గ్రీన్‌లాండ్‌ని అంత పెద్దగా చూపించే ఆ పటాన్ని చాలామంది మోసం అంటారు. నేను ఒప్పుకోను. గెరార్డస్ మెర్కేటర్ 1569లో దాన్ని గీసింది దేశాల సైజులు చూపించడానికి కాదు, నావికుల కోసం. దిక్సూచిలో ఒకే దిశ పట్టుకుని పోయే ఓడ దారి ఆ పటం మీద తిన్నని గీతగా వస్తుంది. స్కేలుతో గీత గీసి, కోణం కొలిచి, చుక్కాని తిప్పితే చాలు. ఆ సౌకర్యం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ అన్నీ సాగదీయాల్సి వచ్చింది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవు రెట్టింపు, వైశాల్యం నాలుగింతలు. బంతికి కాగితం చుట్టి చూడండి, ఎక్కడో ఒకచోట ముడత పడుతుంది, లేదంటే చించాలి. ముడత ఎక్కడ పడాలో ఎంచుకోవడమే పటం గీసేవాళ్ల పని. మన ఫోన్లలో వీధులు చూపించే మ్యాపులు కూడా ఎక్కువగా ఈ పద్ధతివే. నాలుగు రోడ్ల కూడలి ఎంత జూమ్ చేసినా కోణాలు చెడకుండా కనిపించేది అందువల్లే. తప్పల్లా వీధుల కోసం పనికొచ్చే పటాన్ని ఖండాల సైజులు పోల్చడానికి గోడకి తగిలించడంలో ఉంది.

సరిహద్దుల వింతలు అడిగేవాళ్లకి బార్లే అనే ఊరి పేరు చెప్తాను. అక్కడ నెదర్లాండ్స్ లోపల బెల్జియం 22 ముక్కలుగా ఉంది, ఆ ముక్కల్లో కొన్నిటి లోపల మళ్లీ నెదర్లాండ్స్ ఉంది. మధ్యయుగాల నాటి జమీందారీ పంపకాల ఫలితం అది. సరిహద్దు కొన్ని ఇళ్ల మధ్యలోంచే పోతుంది. అప్పుడు ఇల్లు ఏ దేశానిదో వీధి తలుపు ఎటువైపు ఉందో చూసి చెప్తారు.

మీ ఇంట్లో గ్లోబు ఉంటే దారంతో ఇది కూడా కొలిచి చూడండి. బ్రెజిల్ ఉత్తరపు కొస నుంచి అదే దేశపు దక్షిణపు కొసకి ఎంత దూరమో దారం మీద గుర్తు పెట్టుకోండి. తర్వాత అదే ఉత్తరపు కొస నుంచి కెనడా తీరానికి దారం లాగండి. రెండోదే పొట్టిగా వస్తుంది. తేడా కొంచెమే, దారం బిగుతుగా పట్టుకోవాలి.