కోపం తాడు మీద చూపించకు, ముందు ప్లగ్గు విప్పి చూడు

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పింది విన్నాను. గాలికి పెరట్లో జీడిచెట్టు, గట్టు మీద రెండు సరుగుడు చెట్లు పడిపోయాయి, వైశాఖంలో చెల్లి పెళ్ళికి వంటచెరుకు అక్కరకొస్తుందని చెట్లు కోసే కొత్త పెట్రోలు రంపం మిషన్ (చైన్ సా) తెచ్చావు. తాడు లాగి లాగి భుజం పట్టేసింది గానీ అది స్టార్ట్ కాలేదు. ఇవన్నీ ఫోనులో చెప్తే సగం విని "సరే మావయ్యా" అని పెట్టేస్తావని తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, మిషన్ పక్కన పెట్టుకుని చదువు.

నువ్వు ముప్ఫై సార్లు లాగానన్నావే, తప్పు అక్కడే ఉంది. చల్లగా ఉన్న మిషన్‌కి చోక్ వేసి లాగుతాం కదా, రెండో మూడో లాగుకి అది ఒకసారి "ఠప్" మంటుంది. దగ్గినట్టు చిన్న చప్పుడు, ఒకోసారి సైలెన్సర్ దగ్గర చిటికెడు పొగ. అంటే పెట్రోలు అందింది, చోక్ తీసెయ్యమని చెప్తోందన్నమాట. ఆ చప్పుడు చాలామందికి వినబడదు. పక్కన నలుగురు నిలబడి సలహాలు ఇస్తుంటే అసలే వినబడదు. చోక్ అలాగే ఉంచి ఇంకా లాగుతాం, ప్రతి లాగుకీ లోపల పెట్రోలు పేరుకుంటుంది, నిప్పురవ్వ ఇచ్చే స్పార్క్ ప్లగ్గు తడిసి ముద్దవుతుంది. ఇంక ఎంత లాగినా లాభం లేదు. దీన్నే మెకానిక్కులు ఓవర్ అయిందంటారు. చేతక్ స్కూటర్‌ని పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి కిక్కు కొట్టిన తరం మాది. ఇదీ ఆ జాతి టూ స్ట్రోక్ ఇంజనే, కాబట్టి దీని అలకలు మాకు కొత్త కాదు.

ఓవర్ అయిందని ఎలా తెలుస్తుంది? మిషన్ దగ్గర గుప్పున పెట్రోలు వాసన వేస్తుంది. అప్పుడు మొదట ఇలా చెయ్యి. చైన్ బ్రేక్, అంటే ముందు పిడికి ఎదురుగా ఉన్న అడ్డు, ముందుకి తొయ్యి. చోక్ పూర్తిగా తీసెయ్యి. రేస్ బటన్ (యాక్సిలరేటర్) నొక్కినట్టు తెరిచి ఉండాలి. నీ మిషన్‌లో చోక్ నాబ్ ఒకసారి బయటికి లాగి మళ్ళీ లోపలికి నొక్కితే రేస్ సగంలో లాక్ అయి నిలబడొచ్చు, చూసుకో. మిషన్‌ని నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడికాలు బూటు దూర్చి, ఎడమచేత్తో ముందు పిడి నొక్కి పట్టి, పది పదిహేను సార్లు లాగు. ఎక్కువైన పెట్రోలు గాలితో పాటు బయటికి పోయి, ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది. అంటుకున్న వెంటనే గయ్యిమని లేస్తుంది, అందుకే బ్రేక్ ముందే వెయ్యమన్నాను. రేస్ ఒకసారి నొక్కి వదిలితే లాక్ విడిపోయి మామూలు స్పీడుకి వస్తుంది.

దానికీ లొంగకపోతే ప్లగ్గు విప్పాలి. స్విచ్ ఆఫ్‌లో పెట్టు, ప్లగ్గు టోపీ లాగి పక్కకి తొయ్యి, రెంచితో ప్లగ్గు విప్పు. తడిగా మెరుస్తుంటే మనం అనుకున్నదే. పాత గుడ్డతో తుడిచి, ఎండలో ఓ రాయి మీద పెట్టు. మిషన్‌ని బోర్లించి, ప్లగ్గు కన్నం కిందికి ఉండేలా పట్టుకుని నాలుగైదు సార్లు తాడు లాగు. లోపలున్న పెట్రోలు చిందుతుంది, మొహం పక్కకి పెట్టుకో. బీడీ కాల్చేవాడెవడైనా దగ్గర్లో ఉంటే తోలెయ్యి. పదిహేను నిమిషాలు ఆగు. ఈలోపు మీ అమ్మ ఇచ్చిన టీ తాగు. ప్లగ్గు ముక్కుల మధ్య సందు అర మిల్లీమీటరు ఉంటే చాలు. నల్లగా పొట్టు కట్టి ఉంటే వైర్ బ్రష్‌తో గీకు. నూరు, రెండొందల్లో కొత్తది దొరుకుతుంది, ఒకటి ఇంట్లో అదనంగా పెట్టుకో. ప్లగ్గు బిగించి, టోపీ తొడిగి, స్విచ్ ఆన్ చేసి, చోక్ జోలికి పోకుండా లాగు.

ప్లగ్గు తడిగా కాక పొడిగా ఉంటే కథ వేరు. పెట్రోలు లోపలికి రావడమే లేదన్నమాట. టాంకులో అడుగున చిన్న ఫిల్టర్ గొట్టానికి వేలాడుతుంటుంది, వంచిన వైరుతో బయటికి లాగి చూడు, మడ్డి పట్టి ఉంటే మార్చెయ్యి. గొట్టం చీలిందేమో గోటితో నొక్కి చూడు. టాంకు మూత కొంచెం వదులు చేస్తే మిషన్ నడుస్తోందంటే మూతకో టాంకుకో ఉన్న గాలి రంధ్రం పూడుకుపోయిందని అర్థం. ప్లగ్గు తడిగానే ఉంటోంది, నేను చెప్పినట్టు చేసినా మళ్ళీ మళ్ళీ తడుస్తోందంటే ఎయిర్ ఫిల్టర్ చూడు. సరుగుడు పొట్టుతో ముద్దలా అట్ట కట్టేస్తుంది. తట్టి, దులిపి, సబ్బునీళ్ళలో కడిగి పూర్తిగా ఆరాక పెట్టు. అప్పటికీ తడుస్తుంటే కార్బొరేటర్ లోపల సూది, రబ్బరు పొర పని అయిపోయినట్టు. అది మెకానిక్ పని, నీది కాదు.

కార్బొరేటర్ పక్కన చిన్న స్క్రూలు కనబడతాయి. ముట్టుకోకు! నా మొదటి మిషన్‌కి అదే చేశాను. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిందని నీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి ఉద్దానం ప్రాంతమంతా జీడి, కొబ్బరి నేలమట్టమైంది. దారుల మీద పడిన చెట్లు కొయ్యడానికి గొడ్డళ్ళు చాలక అప్పుడే నేను మిషన్ కొన్నాను. ఏడాది తిరిగేసరికి ఒకరోజు మొరాయించింది. స్క్రూలన్నీ అటూ ఇటూ తిప్పాను. పట్నంలో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే కార్బొరేటర్ పోయిందని కొత్తది వేసి డబ్బులు తీసుకున్నాడు. ఇంటికొచ్చి లాగితే మళ్ళీ అదే తంతు. చివరికి సైలెన్సర్ విప్పితే లోపల మూతి దగ్గర కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టుకుని ఉంది! పొగ బయటికి పోకపోతే మిషన్ ఎలా తిరుగుతుంది? పుల్లతో తవ్వి తీసేశాను, మూడో లాగుకి లేచింది. అప్పటినుంచి పని అయ్యాక సైలెన్సర్ కన్నానికి గుడ్డ కట్టి పెడుతున్నాను. స్టార్ట్ చేసే ముందు ఆ గుడ్డ తీయడం మర్చిపోయి ఒకసారి అరగంట లాగాననుకో, అది వేరే సంగతి. మీ అత్తకి చెప్పకు.

పెట్రోలు సంగతి. ఇది నేరుగా పెట్రోలు పోసే మిషన్ కాదు, 2టీ ఆయిల్ కలపాలి. మిషన్‌తో వచ్చిన కాగితంలో 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20. మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్‌కి కలిపినట్టే, కానీ కంటి లెక్కన పొయ్యొద్దు, మందు సీసా మూతకి గీతలుంటాయి కదా, అలాంటిది ఒకటి దగ్గర పెట్టుకో. ఆయిల్ లేకుండా పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, అప్పుడు ప్లగ్గు విప్పినా ఏమీ ఉండదు. ఎక్కువ పోస్తే పొగ, ప్లగ్గు మీద నల్ల పూత. ఇంకో మాట, ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాలకీ మంచిది కాదు. కాబట్టి నెలకి మించి కలిపి ఉంచకు. పని అయిపోయాక టాంకు ఖాళీ చేసి, మిషన్ ఆగిపోయేదాకా నడిపి పెట్టు. గత సీజనులో మిగిలిన పెట్రోలుతో ఈ సీజను మొదలెట్టేవాడే ఎక్కువసార్లు తాడు లాగుతాడు. పెట్రోలు పోసిన చోటే స్టార్ట్ చెయ్యకు, కనీసం పది అడుగులు దూరం జరుగు.

వేడిగా ఉన్న మిషన్‌కి చోక్ వెయ్యకు. మధ్యాహ్నం భోజనానికి ఆపి మళ్ళీ మొదలెట్టేటప్పుడు అలవాటుగా చోక్ లాగడం వల్లే ఎక్కువగా ఓవర్ అవుతుంది. ఒక చేత్తో మిషన్ గాల్లో వేలాడదీసి, రెండో చేత్తో తాడు లాగే హీరోలని చూసి నువ్వూ అలా చెయ్యకు. తాడు ముందు నెమ్మదిగా లాగు, పట్టు తగిలేదాకా, అక్కడినుంచి చటుక్కున లాగు. చివరిదాకా లాగెయ్యకు, వదిలేటప్పుడు చేతిలోంచి జారనివ్వకు.

ఇక చెట్టు దగ్గరికి వద్దాం. గాలికి పడ్డ చెట్టు నిలబడ్డ చెట్టుకంటే ప్రమాదం. కరెంటు తీగ ఏదైనా తగిలి ఉందేమో మొదట చూడు, తెగి పడున్న తీగ కనబడితే లైన్‌మన్‌కి ఫోన్ చేసి అతను వచ్చేదాకా ఆ దరిదాపులకి పోకు. వేళ్ళు లేచిన సరుగుడు చెట్టు మొదలు కొయ్యగానే మట్టి గుత్తితో సహా చటుక్కున వెనక్కి లేచి గోతిలోకి పడుతుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటుంటారు. ఆ పని మొదలెట్టే ముందు గోతి ఖాళీగా ఉందని నీ కళ్ళతో చూసుకో. నేల మీద వంగి పట్టున్న కొమ్మని కోసేటప్పుడు నొక్కుకుపోయిన వైపు ముందు చిన్న గాటు పెట్టి, తర్వాత లాగి పట్టిన వైపు కొయ్యి. తలకిందులుగా చేస్తే కొమ్మ చీలి మొహానికి కొడుతుంది, లేదా బార్, అంటే చైన్ తిరిగే పొడుగు రేకు, ఇరుక్కుపోతుంది. ఇరుక్కుంటే మిషన్ ఆపి, కోత సందులో కొయ్య చీల కొట్టి తియ్యి, రేస్ ఇచ్చి లాగకు. బార్ ముక్కు పైభాగం దేనికీ తగలనివ్వకు, తగిలితే మిషన్ ఎగిరి నీ మీదకే వస్తుంది. అందుకే రెండు చేతులూ పిడుల మీద, బొటనవేలు కింద నుంచి చుట్టి పట్టుకో. కళ్ళద్దాలు, బూట్లు లేకపోతే ఆ రోజు పని మానెయ్యి. లుంగీ కట్టుకుని వెళ్ళకు, ఎంత ఉక్కగా ఉన్నా ప్యాంటు వేసుకో.

చైన్ నుంచి పొట్టు తునకలు తునకలుగా రాలాలి. పిండిలా రాలుతోందంటే పళ్ళు మొద్దుబారాయి, నువ్వు బలం పెట్టి నొక్కడం మొదలుపెడతావు, అదీ ప్రమాదమే. మిషన్ ఆపేసి ఆకురాయితో పదును పెట్టు. పెట్రోలు పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ డబ్బా కూడా నింపు, ఈ రెండూ దాదాపు ఒకేసారి అయిపోతాయి. కొబ్బరి దుంగ జోలికి పోకు. పొయ్యికి పెద్దగా పనికిరాదు, పదును మాత్రం తినేస్తుంది. కొబ్బరి మట్టలు, డొక్కలు ముట్టించడానికి బాగుంటాయి, అవి ఏరి పెట్టించు.

పెళ్ళి వంటకి సరుగుడు అన్నిటికంటే మేలు. బరువుగా ఉంటుంది, నిప్పు నిలబడుతుంది. జీడి కర్ర కూడా పనికొస్తుంది గానీ, పచ్చిగా ఉన్నప్పుడు దాని జిగురు చర్మానికి తగిలితే కొందరికి పొక్కుతుంది, పొడుగు చేతుల చొక్కా వేసుకో. చింత మొద్దు దొరికితే వదలకు, నిప్పులు గంటలు గంటలు ఉంటాయి. ఒక్కటే, చీల్చడానికి దేవుడు కనబడతాడు. బూరుగ, మునగ పట్టుకురాకు, పొగే తప్ప సెగ ఉండదు. గన్నేరు ఒక్క పుల్ల కూడా కలవనివ్వకు, చెట్టంతా విషమే.

పచ్చి కర్రలో సగం దాకా నీళ్ళే. ఇప్పుడు కార్తీకం, వైశాఖానికి ఆరు నెలలున్నాయి, అది చాలు. కానీ దుంగలుగా పడేసి ఉంచితే ఆరదు. జానెడున్నర ముక్కలుగా కోసి, గొడ్డలితో నిలువుగా చీల్చాలి. కింద రాళ్ళ మీద రెండు బద్దలు వేసి, పైన గాలి ఆడేలా పేర్చు. వాన పడకుండా పైన మాత్రం టార్పాలిన్ కప్పు, పక్కలు వదిలెయ్యి. పూర్తిగా కప్పేస్తే బూజు పడుతుంది. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఖణేల్‌మని మోగాలి, డొక్కుగా వినిపిస్తే ఇంకా ఆరలేదు. చివర్లు పగుళ్ళు తీశాయంటే మంచి గుర్తు. పేర్చిన మోపులోంచి చేత్తో లాగకు, ముందు కర్రతో తట్టు, తేలు పోతుంది.

అడవిలోకి మిషన్ పట్టుకెళ్ళే ఆలోచన పెట్టుకోకు, ఎండు చితుకులకే అక్కడ గొడవలవుతుంటాయి. మన పొలంలో అయినా నిలబడ్డ పచ్చని చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, కొన్ని రకాలకి మినహాయింపు ఉంటుంది. పంచాయతీ సచివాలయంలో అడిగి కాగితం తెచ్చుకో. పడిపోయిన చెట్టు అయినా ఫోటో తీసి పెట్టుకుంటే రేపు ఎవరైనా అడిగితే చూపించుకోవచ్చు.

ఇప్పుడు లేచి ప్లగ్గు విప్పు. ముక్కు లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు, నల్లగా నూనెతో జిడ్డుగా ఉంటే ఆయిల్ తగ్గించాలి, తెల్లగా పొడిగా ఉంటే గాలి ఎక్కడో ఎక్కువ పీలుస్తోంది, అలాంటప్పుడు నడపకు. వెలుతురులో పట్టి ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు. మీ అమ్మకి నమస్కారం చెప్పు. జీడిపప్పు ఆదివారం బస్సులో పంపుతున్నాను.

మీ మావయ్య